పాత బట్టల్లోంచి పిల్లల బట్టలు: గట్టి జాగా వెతకడం దగ్గర్నుంచి కుట్టు పూర్తయ్యేదాకా

బీరువా అడుగునో, ట్రంకు పెట్టెలోనో, అటక మీది మూటలోనో ప్రతి ఇంట్లో పాత బట్టలుంటాయి. చొక్కా బట్ట బాగానే ఉంటుంది, కాలరు మడత పీచులు లేచి ఉంటుంది. చీర బాగానే ఉంటుంది, కుచ్చిళ్ల దగ్గర అంచు చిరిగి ఉంటుంది. "ఇదింక దేనికి పనికొస్తాది" అని స్టీలు గిన్నెల వాళ్లకి వేసేసే ముందు ఆ మూటని ఒకసారి వెలుతుర్లోకి తెచ్చి చూడాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉక్కకి చిన్నపిల్లల ఒంటికి హాయినిచ్చేది నాలుగేళ్లు ఉతికిన నూలు బట్టే. అది కుంచించుకోవాల్సినంత ఎప్పుడో కుంచించుకుపోయింది, దిగాల్సిన రంగూ దిగిపోయింది. కొత్త గుడ్డలో ఉండే గరుకు దాన్లో ఉండదు.

పాత బట్టకి బలం మాత్రం అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ఒకే చొక్కాలో మోచేతి దగ్గర గుడ్డ గోరు తగిలితే చిరుగుతుంది, పొట్ట కింది భాగం కొత్తదానిలాగే ఉంటుంది. గట్టి జాగా ఎక్కడుందో కనిపెట్టి, పేపరు కటింగుని (కొలతల ప్రకారం కత్తిరించిన కాగితం నమూనాని) అక్కడికి జరుపుకోవడంలోనే సగం పని ఉంది. మిగతాది మామూలు కుట్టుపనే.

ఏది పనికొస్తుంది, ఎక్కడ పనికొస్తుంది

బట్టని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూడండి. నేత సమంగా కనిపించాలి. మధ్యలో తెల్లటి మచ్చల్లా వెలుతురు ఎక్కువగా వచ్చే చోట్లుంటే అక్కడ దారాలు అరిగిపోయాయని అర్థం. వాటి చుట్టూ సుద్దతో గీత గీసేయండి. తర్వాత రెండు బొటనవేళ్లూ ఒక అంగుళం ఎడంగా పెట్టి బట్టని గట్టిగా లాగండి. ఒకసారి పడుగు (నిలువు దారాల) వైపు, ఒకసారి పేక (అడ్డ దారాల) వైపు. చిటపటమని చిన్న శబ్దం వచ్చినా, లాగిన చోట దారాలు ఎడమైపోయి వెనక్కి రాకపోయినా ఆ భాగాన్ని వదిలేయాలి. ఇదే పరీక్ష తడి బట్ట మీద మరోసారి చేయండి. నూలు తడిసినప్పుడు నిజానికి కొంచెం బలం పుంజుకుంటుంది. తడిలో కూడా చిరిగిందంటే అది మసిగుడ్డే.

ఎక్కడ అరుగుతుందో కొంతవరకు ముందే చెప్పొచ్చు. చొక్కాకి కాలరు, భుజాలు, చంకలు, మోచేతులు పోతాయి. ఫ్యాంటులోకి దోపుకునే కింది భాగం ఎండా చెమటా తగలక గట్టిగా ఉంటుంది. ఫ్యాంటుకి కూర్చునే చోటు, తొడల లోపలి వైపు, మోకాళ్లు. పిక్కల దగ్గర గుడ్డ మంచిది. పంచె, లుంగీ నడిమధ్యలో పలచబడతాయి, రెండు చివర్లూ బాగుంటాయి. చీరకి కింది అంచు రాపిడికి పోతుంది, కొంగుకి పిన్ను చిల్లులు పడతాయి. మొదటి చుట్టులో లోపలికి పోయే మీటరు ముక్క మటుకు చాలాసార్లు రంగు కూడా దిగకుండా ఉంటుంది.

పట్టుచీరల సంగతి వేరు. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టు ఆ మడత గీత వెంటే చీలుతుంది. మడత విప్పి ఆ గీత మీదే లాగి చూడాలి. పాలియెస్టరు, నైలాను చీరలు ఎంత లాగినా చిరగవు. అయినా వాటిని చిన్నపిల్లలకి వద్దనే చెప్తాం: గాలి ఆడదు, నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. కట్టెల పొయ్యి వాడే ఇళ్లలో, దీపావళి రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. నూలూ అంటుకుంటుంది, కానీ ఇలా కరిగి అతుక్కోదు. అందుకే ఏ బట్టయినా నిప్పు దగ్గరికి వెళ్లేటప్పుడు నేల జీరాడే కుచ్చులు ఉండకూడదు.

పొందూరు ఖద్దరు పంచె ఇంట్లో ఉంటే అది వరమే. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన దారమది. పాతబడేకొద్దీ మెత్తబడుతుంది. ఒకటే చిక్కు, కత్తిరించిన అంచు మిల్లు బట్టకన్నా త్వరగా పీచులు లేస్తుంది. కత్తెర వేసిన రోజే కుట్టేయాలి.

కత్తెర పట్టే ముందు

బట్టని ఉతికి, ఎండలో ఆరబెట్టాలి. నాఫ్తలీను ఉండలేసిన పెట్టెలోంచి తీసినదైతే వాసన పూర్తిగా పోయేదాకా రెండు మూడు ఉతుకులు ఉతకండి, చంటిపిల్లలకి ఆ వాసన మంచిది కాదు. మరకలుంటే ఇస్త్రీకి ముందే వదిలించుకోవాలి. వేడి తగిలాక మరక గుడ్డలో పాతుకుపోతుంది.

మెత్తబడిపోయిన బట్ట కత్తెర కింద జారుతుంది, మిషను పాదం కింద నలుగుతుంది. దీనికి మన వంటింట్లోనే మందుంది. గ్లాసు చిక్కటి అన్నపు గంజికి ఆరు గ్లాసుల నీళ్లు కలిపి వడకట్టి, బట్ట ముంచి, సగం ఆరాక ఇస్త్రీ చేయండి. కాగితంలా నిలబడుతుంది, గీతలు నీటుగా పడతాయి. కుట్టడం అయ్యాక ఒక ఉతుకులో గంజి పోతుంది. గంజి పెట్టిన బట్టని కుట్టకుండా నెలల తరబడి దాచొద్దు, తేమకి బూజు పడుతుంది, పురుగూ పడుతుంది.

కుట్లు విప్పడానికి బ్లేడు వాడేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఒక వైపు ప్రతి నాలుగో కుట్టునీ కోసి, రెండో వైపు నుంచి దారం లాగితే పొడుగునా వచ్చేస్తుంది. రెండు ముక్కల్నీ పట్టుకుని చరచరా లాగితే కొత్త బట్ట ఊరుకుంటుంది కానీ పాతది ఊరుకోదు. డబుల్ కుట్టు పడ్డ పక్క కుట్లు విప్పడం అసలు దండగ. వాటి పక్కనుంచే కత్తిరించి పారేయండి.

బొత్తాలు, హుక్కులు, జిప్పులు, కాలరు లోపలి బిగుతు గుడ్డ ఏదీ పారేయొద్దు. కొనాల్సింది దారం, సూదులు, ఎలాస్టిక్, అంతే. లేసులూ బొమ్మల స్టిక్కర్లూ కొనడం మొదలుపెడితే కొత్త బట్ట కొన్నంత అవుతుంది. దర్జీకి ఇచ్చి కుట్టించినా లాభం తక్కువే. పాత గుడ్డ అని ఎవరూ కూలి తగ్గించరు, పైగా అతుకుల పని అంటే చాలామంది ఒప్పుకోరు.

మిషను సర్దుకోవడం

పలచటి చీర, పంచె గుడ్డకి 11 నంబరు సూది. చొక్కా గుడ్డకి 14. ఫ్యాంటుకి 16. మొద్దుబారిన సూది కొత్త బట్టలో దారాల్ని పక్కకి నెడుతుంది, పాత బట్టలో తెంపుతుంది. అందుకే పని మొదలుపెట్టేముందు సూది మార్చడం పిసినారితనం చూపించాల్సిన చోటు కాదు.

అంగుళానికి పది కుట్లు చాలు. దగ్గర దగ్గరగా కుట్లు పడితే గట్టిగా ఉంటుందనుకుంటారు. పాత బట్టలో అది తిరగబడుతుంది: వరసగా చిల్లులు పడి తపాలా బిళ్ల అంచులా ఆ గీత వెంటే చిరుగుతుంది. దారం కూడా మరీ బలమైనది వద్దు. దారం బట్టకన్నా గట్టిదైతే లాగినప్పుడు చిరిగేది బట్టే. మామూలు నూలు దారమైతే కుట్టు తెగుతుంది, తెగిన కుట్టుని మళ్లీ వేసుకోవచ్చు. టెన్షను (మిషను మీద దారం బిగుతు) కొంచెం వదులు చేసి, అదే గుడ్డ చివరి ముక్క మీద కుట్టి చూసుకోండి.

మార్జిన్ (కుట్టుకి అవతల అంచుదాకా వదిలే గుడ్డ) కొత్త గుడ్డకి అర అంగుళం వదిలితే, దీనికి ముప్పావు వదలండి.

నాన్న చొక్కాలోంచి పాప గౌను

మొదటిసారి చేసేవాళ్లకి ఇదే సరైనది. కాజాలు, బొత్తాల పట్టీ, కింది అంచు మడత అన్నీ చొక్కాలోనే తయారుగా ఉంటాయి. ఇక్కడి లెక్కలన్నీ ఛాతీ 22 అంగుళాలు, గౌను పొడుగు 22 అంగుళాలు ఉన్న పాపకి వేసినవి, అంటే సుమారు నాలుగేళ్ల పిల్ల. వయసుని నమ్మొద్దు, టేపుని నమ్మండి. మగవాళ్ల 42 సైజు చొక్కా దీనికి సరిపోతుంది.

1. కాలరు, చేతులు కుట్టు పక్కనే కత్తిరించి తీసేయండి. జేబుని మాత్రం జాగ్రత్తగా విప్పండి. దాని కింద గుడ్డ ముదురు రంగులో నలుచదరంగా కనిపిస్తుంది, ఇన్నేళ్లూ ఎండ తగలని చోటది. ఏం చేసినా పోదు. దానికి ఉపాయం కింద చెప్తాం. పక్క కుట్లు కోసేస్తే ముందు భాగం, వెనక భాగం విడివడతాయి.

2. బొత్తాల పట్టీ పాపకి ముందుకి రావాలా, వెనక్కి రావాలా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. తన బట్టలు తానే వేసుకునే పిల్లకి ముందుకే ఉండాలి. అమ్మ తొడిగే వయసైతే వెనక్కి పెట్టొచ్చు, ముందు భాగం సాదాగా అందంగా ఉంటుంది, జేబు మచ్చ వీపు వైపు పోతుంది. మధ్యాహ్నం పడుకునే పిల్లకి వీపులో బొత్తాలు గుచ్చుకుంటాయన్నదీ ఆలోచించుకోండి. ముందుకి పెడితే మచ్చ మీద పాత చీర అంచు ముక్కతో పువ్వో ఆకో అతికిస్తే సరి. విప్పిన జేబుని కిందికి, చెయ్యి అందే చోట కుట్టండి.

3. పాత పేపరు మీద గౌనులో నాలుగో వంతు గీయండి. నిలువు గీత మధ్య గీత. మెడ వెడల్పు 2 అంగుళాలు, ముందు మెడ లోతు 2½, వెనక మెడ లోతు 1. మధ్య గీత నుంచి భుజం చివరికి 4½, భుజం అర అంగుళం వాలు. చంక లోతు 5½. చంక దగ్గర వెడల్పు: ఛాతీలో నాలుగో వంతు 5½, వదులుకి 1, మార్జిన్ ¾, మొత్తం 7¼. కింద అంచు దగ్గర 11. భుజానికీ పక్కలకీ ¾ మార్జిన్ ఉండాలి. మెడకీ చంకకీ ¼ చాలు, అక్కడ క్రాస్ పట్టీ (ఏటవాలుగా కత్తిరించిన సన్న గుడ్డ పట్టీ) పడుతుంది.

4. బొత్తాలన్నీ పెట్టి, ఆ భాగాన్ని బొత్తాల గీత మీద నిలువుగా మడవండి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. పట్టీ అంచు మీద మడిస్తే మధ్య గీత ముప్పావు అంగుళం పక్కకి జరిగి, మెడ వంకరగా వస్తుంది. బొత్తాల మీదుగానే మడత పడాలి.

5. పేపరుని కింది నుంచి పెట్టండి, భుజం నుంచి కాదు. పేపరు కింది గీతని చొక్కా అంచు మీద ఆనించి పైకి పరిస్తే గౌను భుజం చొక్కా భుజానికి ఆరంగుళాల కిందకి వస్తుంది. అలా భుజాల దగ్గరి అరిగిన గుడ్డంతా దానంతటదే తప్పుకుంటుంది. చొక్కా అంచు పక్కల వంపు తిరిగి ఉంటే ఆ వంపునే ఉంచేయండి, గౌనుకి బాగుంటుంది. మెడ గీత ఏదైనా కాజా మీద పడుతుందేమో చూసుకోండి. పడితే పేపరుని కొంచెం కిందికో పైకో జరిపి, మెడకీ మొదటి కాజాకీ మధ్య కనీసం ముప్పావు అంగుళం ఉండేలా పెట్టండి. మెడ గీతకి తగిలే బొత్తం ఉంటే ముందే కోసేయండి, లేకపోతే సూది దాని మీద పడి విరుగుతుంది.

6. వెనక ముక్కని కూడా ఇలాగే మడిచి కత్తిరించండి. కొన్ని చొక్కాలకి వీపు మీద మడత కుచ్చు ఉంటుంది. ఇస్త్రీ చేసి చదును చేసినా ఆ గీత లేతగా కనిపిస్తూనే ఉంటుంది, పట్టించుకోకండి.

7. కత్తిరించిన వెంటనే, వేరే ఏ పనీ చేయకముందే, మెడ అంచుకి లోపలగా ఒక వరస కుట్టు వేసేయండి. మెడ వంపులో గుడ్డ ఏటవాలుగా ఉంటుంది. నాలుగుసార్లు చేతులు మారేసరికి అర అంగుళం సాగిపోతుంది.

8. భుజాలు కలపండి. ఓవర్‌లాక్ మిషను లేకపోయినా పీచులు రాని పద్ధతిది: లోపలి వైపులు కలిపి, మంచి వైపు పైకి ఉండేలా, అంచుకి పావు అంగుళంలో మొదటి కుట్టు. పీచులు కత్తిరించి, తిరగేసి, మంచి వైపులు కలిపి ఇప్పుడు అర అంగుళంలో రెండో కుట్టు. మొదటి కుట్టు తాలూకు అంచు లోపల మూసుకుపోతుంది. పిల్ల ఒంటికి గరుకు తగలదు. పక్క కుట్లూ ఇంతే.

9. చేతుల గుడ్డ మీద, మోచేతికి పైన ఉన్న మంచి జాగాలో, మూలకి మూల మడిచి క్రాస్ పట్టీలు కత్తిరించండి. వెడల్పు ఒకటుంబావు అంగుళం. మెడకి 14 అంగుళాలు, ఒక్కో చంకకి 12, అతుకులకి రెండు మూడు కలుపుకుంటే మీటరు పైచిలుకు పట్టీ కావాలి. మంచి వైపు పావు అంగుళంలో కుట్టి, వంపుల్లో అర అంగుళానికో గాటు పెట్టి, లోపలికి మడిచి చేత్తో హెమ్మింగు చేయండి. వంపు దగ్గర పట్టీని కొద్దిగా, చాలా కొద్దిగా లాగి పట్టుకుంటే మెడ ఒంటికి అంటుకుని కూర్చుంటుంది. ఎక్కువ లాగితే ముడతలు పడుతుంది.

మెడకి ముడి వేసే తాళ్లు, కుచ్చు బంతుల తాళ్లు పెట్టొద్దు. ఆటలో ఎక్కడైనా చిక్కుకుంటే మెడ బిగుసుకుంటుంది. మూడేళ్లలోపు పిల్లలకి బొత్తాలు నాలుగు రంధ్రాల్లోంచీ రెండేసి సార్లు దారం తిప్పి కుట్టి, లాగి చూడండి. ఊడిన బొత్తం నోట్లోకే వెళ్తుంది.

ఫ్యాంటులోంచి లాగు

గుంటడికి లాగు కుట్టాలంటే ఒక్కో ఫ్యాంటు కాలు లాగులో ఒక్కో పక్క అవుతుంది. ఫ్యాంటు బయటి కుట్టు అలాగే ఉంచి, లోపలి కుట్టు కోసేసి కాలుని పరవండి. తుంటి 22, నడుము 20 ఉన్న పిల్లాడికి కాళ్లు కలిసే గీత దగ్గర ఒక్కో ముక్క వెడల్పు 18 అంగుళాలు కావాలి. లెక్క ఇది: తుంటిలో సగం 11, వదులు 2, కాళ్ల మధ్యకి ముందు పొడిగింపు 1¼, వెనక పొడిగింపు 2¼, మార్జిన్లు 1½. కూర్చునే లోతు తెలియాలంటే పిల్లాణ్ని చదునైన బల్ల మీద కూర్చోబెట్టి, నడుము నుంచి బల్లదాకా పక్కనుంచి కొలిచి, దానికి ఒక అంగుళం కలపండి. నాలుగేళ్లవాడికి ఇది ఏడున్నర ఎనిమిది మధ్య వస్తుంది. వెనక ముక్క నడుము ముందుదానికన్నా ఒక అంగుళం పైకి ఉండాలి. ఈ అంగుళం మర్చిపోతే పిల్లాడు వంగినప్పుడల్లా లాగు జారుతుంది.

వెడల్పాటి ఫ్యాంటులైతే కింది మడతే లాగు మడతగా పనికొస్తుంది. సన్నకాళ్ల ఫ్యాంటుల్లో 18 అంగుళాలు దొరకాలంటే మోకాలి దాకా, ఇంకా పైకి జరగాలి, అక్కడేమో గుడ్డ అరిగి ఉంటుంది. అలాంటప్పుడు కింది భాగమే వాడి, కాళ్లు కలిసే చోట నాలుగంగుళాల నలుచదరం ముక్కని మూలగా అతకండి. బలవంతంగా ఇరికిస్తే మొదటిసారి చతికిలబడ్డప్పుడే కుట్టు పిగులుతుంది.

మొదట కాళ్ల లోపలి కుట్లు, తర్వాత ఒక కాలుని తిరగేసి రెండో కాల్లోకి దూర్చి నడిమి కుట్టు. నడిమి కుట్టు మీద రెండోసారి, అదే గీత మీద కుట్టండి. లాగుల్లో పిగిలేది అదే. నడుముకి ఒకటిన్నర అంగుళం మడిచి, అంగుళం వెడల్పు ఎలాస్టిక్ దూర్చాలి. పొడుగు నడుము కొలతలో ఒకటిన్నర తగ్గించి, అతుక్కి ఒకటి కలపండి: 20 నడుముకి 19½. ఎలాస్టిక్ లోపల మెలిపడకుండా ఉండాలంటే దూర్చాక పక్క కుట్ల దగ్గర నిలువుగా ఒక్కో కుట్టు వేయండి.

పంచెలోంచి చంటిపిల్లల జుబ్బాలు

పురిటి పిల్లకి పాత బట్టే వేయాలన్న మన పెద్దవాళ్ల పద్ధతిలో ఉతికి మెత్తబడ్డ గుడ్డ విలువ తెలిసిన ఇంగితం ఉంది. బారసాలకి కొత్తవి ఎలాగూ వస్తాయి, ఈలోపు రోజుకి అరడజను జుబ్బాలు తడుస్తాయి.

ఒక్కో జుబ్బాకి పొడుగు 24, వెడల్పు 17 అంగుళాల ముక్క. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మడిస్తే 12, 8½ అవుతుంది. మడత మూల దగ్గర మెడకి 1¾ వెడల్పు, ముందుకి 2, వెనక్కి అర అంగుళం లోతు. చెయ్యి లోతు 4. ఒంటి వెడల్పు మడత నుంచి 5½. చెయ్యి ఒంటిని కలిసే మూలని గుండ్రంగా తిప్పి, గాట్లు పెట్టండి. ముందు మధ్యలో పూర్తిగా కోసి, అంచులు సన్నగా మడిచి, అదే గుడ్డతో ఆరంగుళాల పట్టీలు ఛాతీ దగ్గర ఒక జత కుట్టండి. బొత్తాలు, ప్రెస్ బటన్లు వద్దు. కుట్ల అంచులు బయటికి ఉండేలా, అంటే తిరగేసినట్టు తొడిగితే చర్మానికి ఇంకా మంచిది, చూసేవాళ్లు నవ్వితే నవ్వనీండి. ఎనిమిది మూరల పంచెలో నడిమి అరుగు వదిలేసినా ఆరు నుంచి ఎనిమిది జుబ్బాలు వస్తాయి. మిగిలినవి గోచీలకి.

చీరలోంచి పరికిణీ

పైడితల్లి సిరిమాను పండగకో, సంక్రాంతికో అమ్మ పట్టుచీరని పరికిణీ చేయాలంటే ముందు పేక బలం చూడాలి. మామూలు గౌనులో పడుగు నిలువుగా వస్తుంది. చీర అంచు కిందికి రావాలని అడ్డంగా తిప్పినప్పుడు పేక నిలువవుతుంది, నడుము దగ్గర బరువంతా పేక మీదే పడుతుంది. జరీ అంచు బరువైన చీరైతే మరీను. పేక పలచబడిన చీరకి పాత పంచె లైనింగు వేసి, రెండూ కలిపి కుచ్చులు పట్టాలి. లైనింగు వల్ల జరీ కాళ్లకి గీరుకోదు కూడా.

ఆరేళ్ల పిల్లకి నడుము నుంచి మడమ దాకా 25 అంగుళాలనుకుందాం. పెరిగినప్పుడు విప్పుకోవడానికి అంగుళం టక్కులు (అడ్డంగా మడిచి కుట్టిన మడతలు) రెండు పెడితే నాలుగంగుళాలు, నడుము కుట్టుకి ముప్పావు, మొత్తం 30 వెడల్పు తీసుకోండి. చీర వెడల్పు 46 ఉంటే మిగిలిన 16 అంగుళాల్లో రెండో అంచుతో జాకెట్టు వస్తుంది. చుట్టు రెండుంబావు మీటర్లు, అంటే 88 అంగుళాలు. దీన్ని 24 అంగుళాల నడుము పట్టీలోకి దించాలి: ఒక్కో కుచ్చు పైకి అంగుళం కనిపిస్తే లోపలికి రెండున్నర పైచిలుకు పోతుంది. మొత్తం 24 కుచ్చులు. ఒక మూల నుంచి మొదలుపెట్టి చివరికి వచ్చేసరికి గుడ్డ మిగలడమో చాలకపోవడమో అందరికీ జరిగేదే. గుడ్డనీ పట్టీనీ ముందే నాలుగు భాగాలుగా గుర్తు పెట్టుకుని, ఒక్కో భాగంలో ఆరేసి కుచ్చులు సర్దితే ఆ తిప్పలు ఉండవు.

నడుముకి నాడా పెట్టొద్దు. ఆ వయసు పిల్లకి నడుము నిలవదు, గట్టిగా కడితే ఎర్రగా వాత పడుతుంది. చేతుల్లేని బనీను లాంటి పైభాగం పంచె గుడ్డతో కుట్టి దానికి పరికిణీని అతికిస్తే బాడీ లంగా అవుతుంది. భుజాలు బరువు మోస్తాయి, జాకెట్టు కింద అది కనిపించదు.

ఏమేం చెడతాయి

కుట్టు తెగకుండానే కుట్టు పక్కన గుడ్డ దారాలు విడిపోయి, జాలీలా కనిపిస్తోందంటే మార్జిన్ తక్కువైంది, లేదా బిగుతుగా కుట్టారు. విప్పి, ఆ గీత వెంట లోపల అంగుళం వెడల్పు పాత గుడ్డ పట్టీ పెట్టి, పాత గీతకి పావు అంగుళం లోపలగా కుట్టండి.

మొదటి ఉతుకులోనే మెడ చుట్టూ ముడతలు పడితే తప్పు చాలాసార్లు పట్టీది. పాత గుడ్డకి కొత్త గుడ్డతో పైపింగు (అంచు పట్టీ) వేస్తే కొత్తది కుంచించుకుంటుంది, పాతది కుంచించుకోదు. ఎర్రటి కొత్త పైపింగైతే రంగు కూడా తెల్లటి గౌనుకి అంటుతుంది. కొత్త ముక్క ఏదైనా సరే, ఓ రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెట్టి, ఉతికి, తెల్ల గుడ్డతో తడిగా రుద్ది చూశాకే వాడండి. ఉప్పు రంగుని పట్టి ఉంచుతుందన్న నమ్మకం మీదే ఆగిపోవద్దు, రుద్ది చూడటమే అసలు పరీక్ష.

ఒకే గౌనులో ఎడమ పక్క ముదురుగా, కుడి పక్క లేతగా కనిపిస్తే రెండు ముక్కలూ వేర్వేరు జాగాల్లోంచి తీశారన్నమాట. కత్తిరించక ముందు రెంటినీ ఆరుబయట వెలుగులో పక్కపక్కన పెట్టి చూడాలి, ట్యూబులైటు కింద తేడా తెలియదు.

బనీను గుడ్డ, టీషర్టులతో చెడ్డీలు కుట్టేవాళ్లకి కుట్లు పటపటా తెగుతాయి. గుడ్డ సాగుతుంది, దారం సాగదు. జిగ్‌జాగ్ (అటూ ఇటూ వంకరగా పడే కుట్టు) లేని మిషనైతే కుట్టేటప్పుడు గుడ్డని ముందూ వెనకా కొద్దిగా లాగి పట్టుకోండి.

మొదటి రెండు మూడు ఉతుకులూ తిరగేసి, చేత్తోనే ఉతకాలి. ఉతుకుడు రాయి మీద బాదితే పాత గుడ్డలో మిగిలిన ప్రాణం కూడా పోతుంది.

అరచెయ్యంత ముక్కలు కూడా బొంతకి పనికొస్తాయి, అంతకన్నా చిన్నవి దిండులోకి. గౌను పేపరుని మాత్రం చించకండి. దాని మీద పిల్ల పేరు, ఛాతీ కొలత, తేదీ రాసి చుట్ట చుట్టి పెట్టుకోండి. వచ్చే ఏడు ఛాతీ ఒక అంగుళం పెరిగితే చంక దగ్గర వెడల్పు పావు అంగుళం, చంక లోతు పావు అంగుళం కలిపి, పొడుగు మళ్లీ టేపుతో కొలుచుకుంటే అదే పేపరు పనికొస్తుంది. ఈ ఏడు గౌనే ఇంకో ఏడాది తొడగాలంటే, చేతుల గుడ్డలో మిగిలిన ముక్కలతో మూడంగుళాల పట్టీ కింద అతికించండి. రంగు తేడాగా ఉంటే రెండు చేతుల గుడ్డా కలిపి చుట్టంతా ఒకే రంగు వచ్చేలా చూడండి, అప్పుడది అతుకులా కనిపించదు, అంచులా కనిపిస్తుంది.